దైవం ఐదవది

చైత్ర వైశాఖాల సంధికాలంలో మన దేవాలయాలకు ఒక కొత్త తరహా సమర్పణ వస్తున్నది. కొబ్బరికాయ, మారేడుదళాలు ఉన్న పళ్ళెంలోనే మడత పెట్టిన నీట్ ప్రవేశపత్రం కూడా ఉంటున్నది. అర్చకస్వామి దానికి కుంకుమ అద్ది తిరిగి ఇస్తారు. తల్లి దానిని కళ్ళకద్దుకుంటుంది, పదిహేడేళ్ళ బిడ్డ మాత్రం మౌనంగా నిలబడి ఉంటుంది. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని సన్నిధికి జహీరాబాద్, నారాయణఖేడ్, బీదర్ పరిసరాల నుంచి వచ్చే భక్త కుటుంబాలు ఈ ఆచారానికి దూరమేమీ కాదు. దీనిని పరిహసించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వైద్యుడు కావాలన్న కోరికతో ఈ క్షేత్రానికి రావడంలో ఒక ఔచిత్యం కూడా ఉన్నది. ఇక్కడి స్థలపురాణమే ఒక రోగనివృత్తి కథ.

చర్మవ్యాధితో బాధపడుతున్న కుపేంద్రుడనే రాజు వేటకై ఈ అరణ్యానికి వచ్చాడనీ, మొగలిపొదల నడుమ ఉన్న జలాన్ని తాకిన మీదట వ్యాధి తొలగిపోయిందనీ, స్వప్నంలో స్వామి ఆదేశమై ఆలయం కట్టించాడనీ పెద్దలు చెబుతారు. ఈ కథలో మనం తరచుగా దాటవేసే అంశం ఒకటున్నది. నీటిని తాకిన క్షణంలో ఆ రాజు ఏ మొక్కూ మొక్కలేదు. అది తీర్థమని కూడా అతనికి తెలియదు. అనుగ్రహం ముందు, ఆలయం తరువాత. మన మొక్కులలో ఈ క్రమం తలక్రిందులైనది: ముందుగా ఒప్పందం, సీటు వస్తే చెల్లింపు.

ఈ ఒప్పందానికి ఒక గణితం ఉన్నది, దానిని భక్తులు ఒకసారి చూడాలి. 2025లో 22 లక్షలకు పైగా అభ్యర్థులు నీట్ వ్రాశారు. వారిలో 12 లక్షల 36 వేల మందికి పైగా 'అర్హత' పొందారు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. స్థానాలు లక్షా ఇరవై వేల ప్రాంతంలో ఉన్నాయి. అంటే వ్రాసిన ప్రతి పద్ధెనిమిది మందిలో ఒక్కరికి, అర్హులైన ప్రతి పదిమందిలో ఒక్కరికి స్థానం. 'అర్హత' అనే మాట ఇంత మోసకారి అయిన సందర్భం మరొకటి అరుదు. ప్రార్థన ఒప్పందమే అయితే, పరమేశ్వరుడు ప్రతి సంవత్సరం పద్ధెనిమిదింట పదిహేడు ఒప్పందాలను భంగపరుస్తున్నాడని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ నింద స్వామికి తగిలేది కాదు, అది బిడ్డకు తగులుతుంది. "దేవుడు కూడా నన్ను వద్దన్నాడు" అనే మాట పరాజయం కన్నా భారమైనది. ఆ మాట పుట్టకుండా చూడడం ఆస్తికుల బాధ్యత.

అలాగని, "ఫలాన్ని ఆశించకు, కర్మ మాత్రమే నీది" అని పిల్లలకు గీతను అప్పజెప్పే పెద్దలతో కూడా నేను ఏకీభవించలేను. ప్రవేశపరీక్ష స్వభావతః ఫలోద్దిష్టమైనది, శాస్త్రపరిభాషలో కామ్యకర్మ. కామ్యకర్మను శాస్త్రం నిషేధించలేదు, దాని విధివిధానాలను సవివరంగా చెప్పింది. రాత్రి పదకొండు వరకు భౌతికశాస్త్రం చదివించి, ప్రతి ఆదివారం మార్కులు అడిగి, ఫలితాల ముందురోజు మాత్రం నిష్కామకర్మను బోధించడం వేదాంతం కాదు. ఆ బోధ బిడ్డ చెవికి ముందస్తు పరామర్శలాగా వినిపిస్తుంది.

ఈ సందర్భానికి గీతలో మరింత ఉపయుక్తమైన స్థలం రెండవ అధ్యాయంలో కాక పద్ధెనిమిదవ అధ్యాయంలో ఉన్నదని నా మనవి. ఏ కర్మ సిద్ధించడానికైనా ఐదు కారణాలు కావాలని భగవానుడు అక్కడ లెక్కిస్తాడు: అధిష్ఠానం, కర్త, వివిధ కరణాలు, వివిధ చేష్టలు, ఐదవదిగా దైవం. ఈ ఐదింటినీ గ్రహించక తానొక్కడే కర్తనని తలచేవాని చూపు సరైన చూపు కాదని కూడా వెంటనే చెబుతాడు. శంకర భగవత్పాదుల భాష్యంలో ఈ మాటకు ఆత్మ అకర్తృత్వపరమైన లోతైన అర్థం ఉన్నది, అది సాధకులకు విదితమే. కాని వ్యవహారదశలో కూడా ఈ పంచకం ఒక గొప్ప ఉపశమనం. ఆందోళన చెందే అభ్యర్థి మనస్సును పరిశీలించండి. పరీక్షకు ముందు ఐదు కారణాలనూ 'కర్త' అనే ఒక్కదానిమీద మోపుతుంది: అంతా నా చేతిలోనే ఉన్నది, నేను చాలను. పరీక్ష తరువాత ఐదింటినీ 'దైవం' అనే ఒక్కదానిమీద మోపుతుంది: అంతా అయిపోయింది, ఇక చేయగలిగింది లేదు. ఈ రెండూ దోషాలే. రెండవ దోషం వలన కలిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఎందుకంటే అసలు ప్రవేశప్రక్రియ ప్రారంభమయ్యేదే పరీక్ష తరువాత.

అధిష్ఠానంతో మొదలుపెడదాం. భాష్యకారులు దీనిని శరీరమని వ్యాఖ్యానించారు. కర్మకు ఆశ్రయం అది. నిద్రలేని శరీరంతో 180 నిమిషాలలో 180 ప్రశ్నలను ఎదుర్కోవడం అధిష్ఠానాన్ని విస్మరించడమే. ఆ అర్థాన్ని కొంత విస్తరించి 'నిలబడిన నేల' అని కూడా గ్రహించడానికి అనుమతించండి. ఎందుకంటే ఝరాసంగం వంటి సరిహద్దు గ్రామాల బిడ్డల విషయంలో నేల ఒక నిర్ణాయకమైన కారణం. ఇక్కడి నుంచి బీదర్ పట్టణం హైదరాబాద్ కన్నా చాలా దగ్గర. అక్కడ నీట్ శిక్షణకు పేరున్న విద్యాసంస్థలు ఉన్నాయి. పదవ తరగతి కాగానే పిల్లలను అక్కడ చేర్చడం సహజమైన ఆలోచన. కాని తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో సవరించిన నిబంధనల ప్రకారం, రాష్ట్రంలో స్థానిక అభ్యర్థిగా పరిగణన పొందాలంటే ఇంటర్మీడియట్‌తో ముగిసే నాలుగు సంవత్సరాలు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలి. ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులు ఉన్నాయి, రైతు బిడ్డకు లేవు. దీనిపై వ్యాజ్యాలు నడిచి, 2025 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానం ఈ నిబంధనను సమర్థించింది. తాతముత్తాతల నుంచి ఝరాసంగంలోనే ఉన్న కుటుంబపు బిడ్డ, రెండేళ్ళు సరిహద్దు దాటి చదివిన కారణంగా సొంత జిల్లా కళాశాలలో స్థానికేతరుడు కావచ్చును. కర్ణాటక నిబంధనలు కర్ణాటకకు ఉన్నాయి కనుక అక్కడా చోటు దొరుకుతుందన్న భరోసా లేదు. ఈ నిబంధన న్యాయమా అన్యాయమా అన్నది వేరే చర్చ. పదవ తరగతి వేసవిలోనే తెలుసుకుంటే ఇది కేవలం ఒక సమాచారం, ప్రవేశాల వేళ తెలిస్తే అదే 'దైవఘాతం' అనిపించుకుంటుంది. మన అజ్ఞానానికి దైవం పేరు పెట్టడం ఎంత సులువో చూడండి.

కరణాలంటే సాధనాలు. శంకరులు ఇంద్రియాలను చెప్పారు. నీట్ అభ్యర్థికి ఇంద్రియాల తరువాత ముఖ్యమైనవి కాగితాలు. నీట్ వ్రాయడమే దరఖాస్తు అని భావించే కుటుంబాలు ఇప్పటికీ అనేకం. ఫలితాల తరువాత రాష్ట్ర కోటా స్థానాలకై వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆన్‌లైన్‌లో వేరుగా దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ కళాశాలల స్థానాలలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతుంది, దానికి ఢిల్లీలోని వైద్య ప్రవేశాల కమిటీ వద్ద మరొక నమోదు అవసరం. ప్రైవేటు కళాశాలల యాజమాన్య కోటాకు ప్రత్యేక ప్రకటన వెలువడుతుంది. తొమ్మిది నుంచి ఇంటర్ వరకు అధ్యయన ధ్రువపత్రాలు, కుల ధ్రువపత్రం, అవసరమైనవారికి ఆదాయ ధ్రువపత్రం — ఇవన్నీ ఏప్రిల్‌లో తీరికగా సంపాదించదగినవి. ఆగస్టులో గడువు రేపనగా తహసీల్దారు కార్యాలయం ముందు నిలబడి పడే వేదనలో ఆధ్యాత్మికత ఏమీ లేదు. శ్రాద్ధానికి దర్భలు ముందురోజే సిద్ధం చేసుకునే గృహస్థునికి ఈ విషయం వేరుగా చెప్పనవసరం లేదనుకుంటాను.

చేష్టల విషయంలో భాష్యం ఆశ్చర్యకరంగా సూక్ష్మమైనది. ప్రాణాపానాది వాయువుల వ్యాపారాలే చేష్టలని శంకరులు వివరించారు. ఊపిరి సైతం కర్మసిద్ధికి ఒక ప్రత్యేక కారణమన్నమాట. సరైన సమాధానానికి నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత ఉన్న పరీక్షలో, తెలియని ప్రశ్నను వదిలి ముందుకు సాగే నిబ్బరం ఉచ్ఛ్వాసనిశ్వాసాల మీద ఎంత ఆధారపడి ఉంటుందో అనుభవజ్ఞులకు తెలుసు. ఇంట్లో నలభై రోజుల దీక్షలు పట్టించే పెద్దలు పిల్లలకు రోజుకు పది నిమిషాల ప్రాణాయామం నేర్పితే చాలునని నా అభిప్రాయం.

ఇక్కడ వెబ్ ఐచ్ఛికాల నమోదు గురించి కొంత నిలిచి చెప్పాలి. కళాశాలలను ఏ వరుసలో కోరుతున్నారో అభ్యర్థి నమోదు చేయాలి. కంప్యూటర్ ప్రతిభాక్రమంలో ఒక్కొక్కరి వంతు తీసుకుని, ఆ అభ్యర్థి జాబితాలో పైనుంచి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి స్థానాన్ని కేటాయిస్తుంది. ఈ పద్ధతిలో ఉన్న ధర్మసూక్ష్మం చాలామందికి అందడం లేదు. మీకు నిజంగా ఇష్టమైన కళాశాలను మొదట వ్రాసినందువలన కిందిది చేజారదు. ఉస్మానియా మొదట, గాంధీ తరువాత, సంగారెడ్డి ఆ తరువాత వ్రాసినవారికి, పై రెండూ దొరకకపోతే సంగారెడ్డి విషయంలో అవకాశం ఏమాత్రం తగ్గదు. అయినా భయపడిన తండ్రి, "మన ర్యాంకుకు అది రాదు, వచ్చేదే ముందు పెట్టు" అంటాడు. కోరనిదాన్ని కోరినట్లు యంత్రానికి చెబుతాడు. యంత్రం ఆ మాటను యథాతథంగా నమ్మి, అదే ఇస్తుంది. భయం మనిషి చేత అసత్యమాడిస్తుందని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అవసరమా? మరొక జాగ్రత్త: తదుపరి విడతలో పాల్గొని కొత్త స్థానం పొందితే పాత స్థానం మరలిరాదు. కనుక ఇప్పుడున్న దానికన్నా నిజంగా మెరుగైనవనుకున్న వాటినే వ్రాయాలి. రెండు సందర్భాలలోనూ కావలసింది చాతుర్యం కాదు, తన కోరిక పట్ల నిజాయితీ.

లింగోద్భవ గాథలో బ్రహ్మ పక్షాన అసత్యసాక్ష్యం చెప్పి శివపూజకు దూరమైన పుష్పం మొగలి. అదే పుష్పం పేరును ధరించి, దానినే అర్చనలో స్వీకరించే క్షేత్రం ఝరాసంగం. మన భక్తులు ఇక్కడ ఏ కోరికను విన్నవించుకున్నా ఈ విషయం స్మరణలో ఉండడం మంచిది.

ఇక దైవం. శంకరులు దీనిని ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలుగా చెప్పగా, రామానుజాచార్యులు అంతర్యామియైన పరమాత్మగానే వ్యాఖ్యానించి, ఐదింటిలోనూ ఇదే ప్రధాన కారణమన్నారు. కనుక "ఇంత లెక్క వేస్తే భక్తికి చోటేది?" అని ఎవరైనా ఆక్షేపిస్తే, ఐదవదంటే అల్పమైనదని కాదు, మిగిలిన నాలుగింటికి బదులుగా నిలిచేది కాదని మాత్రమే అని సమాధానం. మానవప్రయత్నానికి లొంగని అంశం ఉన్నదనడానికి 2024 సంవత్సరమే సాక్షి. ఆ యేడు మే 5న పరీక్ష జరిగింది. జూన్ 4న ఫలితాలు వచ్చినప్పుడు 67 మందికి 720కి 720 మార్కులు. ప్రశ్నపత్రం బయటికి పొక్కిందన్న ఆరోపణలు, 1,563 మందికి కలిపిన అదనపు మార్కుల రద్దు, వారికి జూన్ 23న పునఃపరీక్ష, సర్వోన్నత న్యాయస్థానంలో విచారణ. జులై 23న పరీక్షను మొత్తంగా రద్దు చేయనవసరం లేదని న్యాయస్థానం తేల్చింది. సవరించిన ఫలితాలలో పూర్తి మార్కులవారు 17 మంది మాత్రమే మిగిలారు. ఆ రెండు నెలలు లక్షలాది పిల్లలకు తమ ర్యాంకు నిలుస్తుందో లేదో తెలియదు. నిజాయితీగా చదివిన బిడ్డ ఆ దినాలలో చేయగలిగినది ఏమీ లేదు. అక్కడ మాత్రమే శరణాగతి సముచితం. ధ్రువపత్రం కోసం వెళ్ళవలసిన రోజున శరణాగతి అలసత్వం.

ఆందోళన స్వయంగా పాపమో భక్తిలోపమో కాదని స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. అర్జునుని స్థితి ఏమిటి? అవయవాలు పట్టుతప్పాయి, నోరెండిపోయింది, దేహం వణికింది, చర్మం మండింది, చేతిలోని ధనుస్సు జారింది, మనస్సు తిరిగిపోయింది. ఈనాటి వైద్యుడెవరైనా ఈ లక్షణాలను వెంటనే గుర్తిస్తాడు. ఆ కాలపు అత్యుత్తమ ధనుర్ధారికి, సంవత్సరాల తరబడి సిద్ధమైన రంగంలో, సాక్షాత్తు భగవంతుడు పక్కన ఉండగా ఈ స్థితి కలిగింది. భగవానుడు మొదట మందలించిన మాట నిజం. కాని ఆ మందలింపు ఫలించలేదు. తరువాత జరిగినదంతా సుదీర్ఘమైన సంభాషణ, అందులో శిష్యుడు అడిగిన ప్రతి ప్రశ్నకూ చోటు దొరికింది. మన ఇళ్ళలో చాలా సంభాషణలు మొదటి మందలింపు దగ్గరే ఆగిపోతున్నాయి.

చరకసంహిత చికిత్సను మూడు విధాలుగా చెప్పింది: మంత్రజపాది దైవవ్యపాశ్రయం, ఆహారౌషధాది యుక్తివ్యపాశ్రయం, అహితవిషయాల నుంచి మనస్సును నిగ్రహించే సత్త్వావజయం. మూడూ చికిత్సలే, ఒకటి మరొకదానిని నిషేధించదు. బిడ్డ నిద్రపోకుండా, తినకుండా, మాట్లాడకుండా రోజులు గడుపుతున్నప్పుడు తాయత్తు ఒక్కటే కట్టించి ఊరుకోవడం శాస్త్రసమ్మతం కాదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయకేంద్రం 14416 సంఖ్యకు ఎవరైనా, తెలుగులో కూడా, ఉచితంగా మాట్లాడవచ్చును. బ్రతకాలని లేదన్న మాట బిడ్డ నోట ఒక్కసారి వినిపించినా ఫలితాలు వచ్చేదాకా ఆగకూడదు, ఆ దినమే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

2022లో జాతీయ వైద్య కమిషన్ కొత్త విద్యార్థులకు మహర్షి చరక శపథాన్ని సూచించినప్పుడు దేశంలో పెద్ద చర్చ జరిగింది. అనుకూలురూ ప్రతికూలురూ శపథం గురించే మాట్లాడారు. ఆ శిష్యోపదేశం ఉన్న విమానస్థానం ఎనిమిదవ అధ్యాయం మాత్రం శపథంతో మొదలు కాదు. వైద్యుడు కాగోరేవాడు ముందుగా తాను తలపెట్టిన పని గురులాఘవాలను, ఫలాన్ని, అనుబంధాన్ని, దేశకాలాలను తెలుసుకుని, ఆ కోరిక యుక్తమని తోచిన మీదటే శాస్త్రాన్ని, ఆ తరువాత ఆచార్యుని పరీక్షించాలని చెబుతుంది. గురువు శిష్యుని పరీక్షించడం దాని తరువాతి సంగతి. ఈ క్రమంలో తండ్రి పరీక్షించాలని గాని, మేనమామ నిర్ణయించాలని గాని ఎక్కడా లేదు. విచారించవలసినవాడు విద్యార్థి. అనుబంధం అంటే వెనువెంట వచ్చేది: శిక్షణాసంవత్సరంతో కలిపి ఐదున్నరేళ్ళ చదువు, ఆపైన స్నాతకోత్తర ప్రవేశానికి మళ్ళీ ఇటువంటిదే మరొక పరీక్ష, యాజమాన్య కోటా అయితే సంవత్సరానికి పది లక్షలు దాటే రుసుము, దానికై అమ్మవలసిన పొలం. ఈ సంగతులను బిడ్డ ముందుంచి మాట్లాడాలి. గీత ముగింపులో భగవానుడు చెప్పవలసినదంతా చెప్పి, దీనిని సంపూర్ణంగా విమర్శించుకుని నీకు తోచినట్లు చేయమని అర్జునునికే విడిచిపెట్టాడు. జగద్గురువు ఇవ్వగలిగిన ఆ స్వేచ్ఛను మనం ఇవ్వలేకపోవడానికి కారణం ఏమిటో ప్రతి తండ్రీ ఏకాంతంలో ఆలోచించుకోవచ్చును.

సంగారెడ్డిలో 150 స్థానాలతో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైంది. అంతకుముందు జిల్లా బిడ్డకు ప్రభుత్వ వైద్యవిద్య అంటే హైదరాబాదో మరొక దూరపట్టణమో. అవకాశం దగ్గరైన కొద్దీ ఆశ పెరిగింది, ఆశతో పాటు 'ఇంకొక్కసారి' అనే మాట కూడా ఇళ్ళలోకి ప్రవేశించింది. నీట్‌కు ఇన్నిసార్లే వ్రాయాలన్న పరిమితి లేదు, గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో తొలగించారు. లాంగ్‌టర్మ్ శిక్షణలో రెండేళ్ళు, మూడేళ్ళు గడిపే పిల్లలు ఉన్నారు. కొందరు సాధిస్తున్నారు, ఆ సాధించినవారి ఛాయాచిత్రాలే పత్రికలలో మనకు కనిపిస్తాయి. ఎక్కడ ఆగాలో బయటి నియమం ఏదీ చెప్పదు కనుక ఆ నిర్ణయం ఇంట్లోనే జరగాలి, ఫలితాల వేడిలో కాక ముందుగా జరగాలి. ఎన్నిసార్లు వ్రాయాలి, ఎన్ని మార్కులు వస్తే మళ్ళీ ప్రయత్నించాలి, రాకపోతే ఆయుర్వేదమా, దంతవైద్యమా, నర్సింగా, వైద్యంతో సంబంధం లేని మరొక చదువా — ఇవన్నీ పరీక్షకు ముందే బిడ్డ చేతనే ఒక కాగితం మీద వ్రాయించండి. సంగమేశ్వరుని దర్శనానికి వెళ్ళే దారిలో ఆ కాగితం గురించి మాట్లాడుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది.